సైన్స్, టెక్నాలజీ వార్తల్ని గ్రూపులో ఎలా పంచుకోవాలి?

"స్కూల్ గ్రూపులో రోజుకో సైన్స్ వార్త పెడదామనుకుంటున్నాను, ఎలా రాయాలి?" "ఈ ఫార్వర్డ్ నిజమేనా, పంపొచ్చా?" ఈ రెండు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. రెండింటికీ పనికొచ్చే పద్ధతి ఒకటే కాబట్టి ఒకేచోట రాస్తున్నాను. టీచర్లు, పిల్లల తల్లిదండ్రులు, కాలేజీ విద్యార్థులు, ఊరి గ్రూపు నడిపే యువకులు ఎవరైనా వాడుకోవచ్చు.

ముందే ఒక మాట. సైన్స్ వార్తలో ఏం కనుక్కున్నారన్నది ఎంత ముఖ్యమో, అది ఎంతవరకు ఖాయమన్నది కూడా అంతే ముఖ్యం. రెండోది వదిలేసి మొదటిది మాత్రమే పంపితే సగం వార్తే పంపినట్టు. కింద చెప్పే మెట్లన్నీ ఆ రెండో సగం కోసమే.

కావలసినవి

- నెట్ ఉన్న ఫోన్. కంప్యూటర్ ఉంటే మంచిదే గానీ తప్పనిసరి కాదు.
- ఫొటో ఎక్కడిదో వెతకడానికి గూగుల్ లెన్స్ లేదా టిన్‌ఐ (TinEye).
- ఫోన్‌లోనే ఉండే కాలిక్యులేటర్, నోట్స్ యాప్.
- పావుగంట తీరిక. అలవాటయ్యాక ఇంత సమయం పట్టదు.
- ఇంగ్లీషు కొద్దిగా చదవగలిగితే చాలు. కష్టమైతే అనువాద యాప్ వాడండి, కానీ అది ఇచ్చిన తెలుగును ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టొద్దు. "కావచ్చు" అన్నది "అయింది" అని మారిపోవడం, అంకెల్లో సున్నాలు జారిపోవడం అక్కడే ఎక్కువ.

1. వార్తను ఒక్క వాక్యంలో మీ మాటల్లో చెప్పుకోండి

ఎవరు చేశారు, ఏం చేశారు, ఎప్పుడు చేశారు. ఈ మూడూ ఉన్న వాక్యాన్ని నోట్స్‌లో రాసుకోండి. "శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అని మాత్రమే రాయగలిగితే ఏ శాస్త్రవేత్తలో మీకింకా తెలియదన్నమాట. ఖాళీ ఉన్నచోట ప్రశ్నార్థకం పెట్టి రెండో మెట్టుకు వెళ్లండి.

2. తేదీ చూడండి

ఇది చాలా తేలిక, చాలామంది వదిలేసేది కూడా ఇదే. 2025లో ఒక మెసేజ్ జోరుగా తిరిగింది: ఆగస్టు 2న ప్రపంచమంతా ఆరు నిమిషాలు చీకటైపోతుందని. అందులో కొంత నిజం ఉంది. ఆరు నిమిషాలకు పైగా సాగే సంపూర్ణ సూర్యగ్రహణం ఆగస్టు 2నే వస్తుంది, కానీ 2027లో. అదీ ప్రపంచమంతా కాదు. దక్షిణ స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, సౌదీ అరేబియా మీదుగా పోయే ఒక సన్నని దారిలోనే పూర్తి చీకటి. ఈజిప్టులోని లక్సర్ దగ్గర అది 6 నిమిషాల 23 సెకన్ల దాకా ఉంటుంది. ఎవరో సంవత్సరం మార్చారు, "ఆ దారిలో" అన్న మాట తీసేశారు, మంచి వార్త కాస్తా పుకారైంది.

హెచ్చరిక: "ఈ రోజు రాత్రి" అని ఉండి తేదీ లేని మెసేజ్‌ని ఎప్పుడు పంపినా అది ఆ రోజుదే అవుతుంది. రాత్రి 12.30 నుంచి 3.30 దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తాయి, ఫోన్లు ఆపేయండి అనే మెసేజ్ ఏళ్ల తరబడి బతికింది ఇలాగే. తేదీ లేకపోతే పంపొద్దు.

వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది ఇప్పటికే చాలాసార్లు చేతులు మారిందని అర్థం. అంతమాత్రాన అబద్ధం అని కాదు. మొదట ఎవరు రాశారో తేలాలి, అంతే.

3. వార్త మొదట వచ్చిన చోటికి వెళ్లండి

మీరు చూసిన వీడియో గానీ పోస్టు గానీ వార్తకు మూలం కాదు. దాని వెనక్కి వెళ్తే సాధారణంగా వీటిలో ఒకటి దొరుకుతుంది:

- సంస్థ ప్రకటన. ఇస్రో, నాసా, ఏదైనా యూనివర్సిటీ తమ వెబ్‌సైట్‌లో పెట్టేది. మన ప్రభుత్వ సంస్థలవైతే కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు విడుదల చేసే పీఐబీలో కూడా ఉంటాయి, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి.
- జర్నల్‌లో అచ్చయిన పరిశోధన పత్రం. బయటి నిపుణులు చదివి ప్రశ్నలు వేసిన తర్వాత వచ్చేది.
- ఆర్కైవ్ (arXiv) లాంటి వెబ్‌సైట్లలో పెట్టిన ముసాయిదా పత్రం. దీన్ని ప్రీప్రింట్ అంటారు. నిపుణుల పరిశీలన ఇంకా కాలేదు.

మూడో రకంతో జాగ్రత్తగా ఉండాలి. 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కే–99 అనే పదార్థం గురించి ప్రీప్రింట్ పెట్టారు. మామూలు గది వేడిలో, మామూలు గాలి ఒత్తిడిలో కరెంటుకు ఏ మాత్రం అడ్డు లేకుండా పోనిస్తుందన్నారు. అది నిజమైతే కరెంటు తీగల నుంచి స్కానింగ్ యంత్రాల దాకా అన్నీ మారిపోవాలి. కొద్ది రోజుల్లోనే "ప్రపంచాన్ని మార్చే ఆవిష్కరణ" అంటూ తెలుగులో కూడా వీడియోలు వచ్చేశాయి. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా చాలా ల్యాబులు ఆ పదార్థాన్ని తయారు చేసి చూశాయి. ఎవరికీ ఆ గుణం కనిపించలేదు. అందులో మలినంగా ఉన్న కాపర్ సల్ఫైడ్ వల్లే కరెంటు నిరోధం ఒక్కసారిగా పడిపోయినట్టు కనబడిందని ఆగస్టు మధ్యకల్లా తేలింది.

అంటే ప్రీప్రింట్ వార్తలు పంచుకోకూడదనా? కాదు. ఎల్‌కే–99 కథ మొత్తం పిల్లలకు చెప్పదగిన కథ. ఒకరు చెప్పారు, పదిమంది చేసి చూశారు, తేల్చారు. సైన్స్ నడిచేదే అలాగ. మొదటి రోజు పంచుకునేవాళ్లు "ఇది ప్రీప్రింట్, ఇతరులు ఇంకా చేసి చూడలేదు" అని ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఆ పోస్టు ఈ రోజుకీ తప్పయ్యేది కాదు.

మూలం దొరక్కపోతే: సంస్థ పేరు, వార్తలోని ముఖ్యమైన పదం కలిపి ఇంగ్లీషులో వెతకండి. అయినా దొరక్కపోతే ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లు ఇప్పటికే చూశారేమో చూడండి. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది, హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ రాస్తుంది. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే అది లింకులిస్తుంది, అవి తెరిచి చూడకుండా నమ్మొద్దు. లేని పత్రానికి చక్కటి పేరు పెట్టి చూపించే అలవాటు వాటికుంది.

4. ఎంత ఖాయమో తేల్చుకోండి

వార్త పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం.

2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జి యూనివర్సిటీకి చెందిన నిక్కు మధుసూదన్ బృందం కే2–18బీ అనే గ్రహం గురించి ఒక పత్రం ప్రచురించింది. ఆ గ్రహం మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో దాని వాతావరణాన్ని పరిశీలిస్తే డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దానికి దగ్గరి మరో అణువు గానీ ఉన్న సంకేతాలు కనిపించాయన్నారు. భూమ్మీద ఆ వాయువు ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. మర్నాడు మన ఫోన్లలోకి వచ్చిన శీర్షిక: "వేరే గ్రహంపై జీవం ఉంది!"

పత్రం చెప్పింది అది కాదు. సంకేతం మూడు సిగ్మా స్థాయిలో ఉందన్నారు, అంటే కాకతాళీయంగా అలా కనిపించే అవకాశం 0.3 శాతం. వినడానికి గట్టిగానే ఉన్నా, కొత్త ఆవిష్కరణగా ఒప్పుకోవడానికి శాస్త్రవేత్తలు అడిగేది ఐదు సిగ్మా. అంతకంటే ముఖ్యం, ఆ వాయువు జీవం లేకుండా కూడా ఏర్పడవచ్చు. 67పీ అనే తోకచుక్కలో అది ఉన్నట్టు అంతకుముందే చెప్పారు. అదే సమాచారాన్ని మళ్లీ లెక్కగట్టిన వేరే బృందాలకు సంకేతం అంత బలంగా కనిపించలేదు కూడా.

మరి గ్రూపులో ఏమని రాయాలి? "కే2–18బీ గ్రహం వాతావరణంలో, భూమ్మీద జీవుల నుంచి వచ్చే ఒక వాయువు ఉండొచ్చని సూచనలు దొరికాయి. ఇంకా రుజువు కాలేదు, ఇతర శాస్త్రవేత్తలకు సందేహాలున్నాయి." ఇలా రాసినా ఆసక్తి తగ్గదు. 124 కాంతి సంవత్సరాల దూరంలోని గాలిని ఇక్కడి నుంచి పరీక్షించగలగడమే పెద్ద విషయం!

మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు నాలుగు:

- పరిశోధన ఎవరి మీద చేశారు? ఎలుకలా, మనుషులా, ల్యాబ్‌లోని కణాలా? ఎలుకల మీద పనిచేసిన మందును "క్యాన్సర్‌కు మందు దొరికింది" అని పంపొద్దు. మందు కోసం ఎదురుచూస్తున్న కుటుంబం మీ గ్రూపులోనే ఉండొచ్చు.
- ఎంతమంది మీద?
- ఈ పనిలో లేని మరో నిపుణుడు ఏమన్నాడు? మంచి వార్తా కథనంలో చివరి పేరాల్లో ఈ మాట ఉంటుంది.
- "కారణం" అన్నారా, "సంబంధం కనిపించింది" అన్నారా?

5. అంకెల్ని మన లెక్కలోకి మార్చి, మళ్లీ సరిచూడండి

ఈ చిన్న పట్టికను నోట్స్‌లో దాచుకోండి:

- ఒక మిలియన్ = 10 లక్షలు
- ఒక బిలియన్ = 100 కోట్లు
- ఒక ట్రిలియన్ = లక్ష కోట్లు
- ఒక మైలు = సుమారు 1.6 కిలోమీటర్లు
- ఒక కాంతి సంవత్సరం = సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఇది దూరం, కాలం కాదు.

బిలియన్‌ను కోటి అని రాయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. మైళ్లు, కిలోమీటర్లు కలిసిపోవడం రెండోది. "ఇవాళ్టి నుంచి భూమి సూర్యుడికి బాగా దూరమవుతుంది, చలి పెరిగి జబ్బులొస్తాయి" అనే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో మామూలు దూరం 9 కోట్ల కిలోమీటర్లని, ఇప్పుడు 15.2 కోట్లని ఉంటుంది. సూర్యుడికీ మనకూ సగటు దూరం 9.3 కోట్ల మైళ్లు, అంటే దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు. ఆ మెసేజ్‌లో ఒక అంకె మైళ్లలెక్కకు దగ్గరగా ఉంది, రెండోది కిలోమీటర్లది. నిజంగా జరిగేది ఏమిటంటే, ఏటా జనవరి మొదట్లో దూరం 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. తేడా సుమారు మూడు శాతమే. సూర్యుడికి దగ్గరగా ఉండే జనవరిలోనే మనకు చలి కదా!

ఇక శాతాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఒక విషయం చెప్పింది: సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని. దీన్ని "వందలో 18 మందికి క్యాన్సర్" అని రాస్తే పూర్తిగా తప్పు. 100 మందిలో ఐదుగురికి వచ్చే జబ్బు అనుకుందాం. 18 శాతం పెరిగితే దాదాపు ఆరుగురవుతారు. శాతం కనిపించిన ప్రతిసారీ "ఎంతమందికి వచ్చేది ఎంతమందికి అయింది?" అని అడగండి. జవాబు లేకపోతే ఆ అంకె వాడకపోవడమే మేలు.

6. ఫొటో విడిగా సరిచూడండి

వార్త నిజమైనా ఫొటో వేరేది కావచ్చు. లెన్స్‌లో పెట్టి పాత తేదీతో వచ్చిన ఫలితాలు ముందు చూడండి. రెండు పాఠాలు గుర్తుంచుకోండి. దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి మన దేశం అంటూ ఏటా వచ్చే రంగురంగుల బొమ్మ దీపావళి రాత్రిది కాదు. 1992 నుంచి 2003 మధ్య ఉపగ్రహాలు తీసిన రాత్రి వెలుగుల సమాచారాన్ని, జనావాసాలు ఎలా పెరిగాయో చూపడానికి కాలాన్ని బట్టి వేర్వేరు రంగులు వేసి కలిపినది. రెండోది చంద్రయాన్–3 సమయంలోది. ప్రజ్ఞాన్ రోవర్ చక్రాల మీద జాతీయ చిహ్నం చెక్కిన మాట నిజమే. చంద్రుడి నేల మీద ఆ ముద్ర అచ్చుగుద్దినట్టు పడిందని తిరిగిన చిత్రం మాత్రం ఒక కళాకారుడు ఊహించి చేసినది.

ఊహాచిత్రం పెట్టడంలో తప్పేమీ లేదు. కింద "ఊహాచిత్రం" అని రాయండి, సరిపోతుంది. నాసా సొంత ఫొటోలు చాలావరకు ఎవరైనా వాడుకోవచ్చు, "ఫొటో: నాసా" అని చేర్చండి. పత్రికల ఫొటోలు కత్తిరించి పెట్టొద్దు.

7. ఇప్పుడు రాయండి

ఐదారు వాక్యాలు చాలు. పొడుగైతే వాట్సాప్ మిగతాది దాచేస్తుంది, దాన్ని తెరిచి చదివేవాళ్లు తక్కువ. నమూనా:

"నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ ఉపగ్రహాన్ని 2025 జులై 30 సాయంత్రం శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ–ఎఫ్16 రాకెట్‌తో పంపారు. బరువు 2,393 కిలోలు. ఇది రాడార్‌తో చూస్తుంది కాబట్టి మబ్బులున్నా, రాత్రయినా పనిచేస్తుంది. భూమ్మీది నేలను, మంచు ప్రాంతాలను 12 రోజులకోసారి చుట్టి చూస్తుంది. నేల కొన్ని సెంటీమీటర్లు కుంగినా తెలుస్తుంది. భూకంపం వస్తుందని ముందుగా చెప్పే శక్తి మాత్రం దీనికి లేదు. మూలం: ఇస్రో, నాసా ప్రకటనలు."

ఇందులో చివరి రెండు వాక్యాలు తీసేయకండి. "భూకంపాలను ముందే పసిగట్టే ఉపగ్రహం" అని రాస్తే ఎక్కువమంది చూస్తారు, నిజమే. రేపు ఎక్కడైనా భూమి కంపిస్తే "మరి మీ ఉపగ్రహం ఏం చేసింది?" అని అడిగేదీ వాళ్లే.

మాటల ఎంపికలో రెండు సంగతులు. పిల్లలకు తెలిసిన మాట ఉంటే అదే వాడండి. రాకెట్, రాడార్ అందరికీ తెలుసు, వాటికి తెలుగు కోసం కష్టపడనక్కర్లేదు. మరోపక్క, గొప్ప కోసం విషయాన్ని సాగదీయకండి. చంద్రయాన్–3 "చంద్రుడి దక్షిణ ధ్రువం మీద దిగింది" అని క్విజ్‌ల్లో కూడా కనిపిస్తుంది. 2023 ఆగస్టు 23న విక్రమ్ దిగింది దాదాపు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. అసలు ధ్రువం అక్కడికి 600 కిలోమీటర్ల పైచిలుకు దూరం. "దక్షిణ ధ్రువానికి దగ్గరి ప్రాంతంలో" అంటే సరిపోతుంది. అంతకుముందు ఎవరూ అంత దక్షిణాన సురక్షితంగా దిగలేదన్న గొప్ప ఎలాగూ ఉంది.

వార్తను బొమ్మ మీద అక్షరాలుగా కాకుండా మామూలు టెక్స్ట్‌గా పెట్టండి. కళ్లు కనిపించనివాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపించగలదు, తర్వాత గ్రూపులో వెతికితే దొరుకుతుంది. లింకు ఆఖరున పెట్టండి.

చదువుల వార్తలైతే మరో జాగ్రత్త

స్కాలర్‌షిప్, ఉచిత ల్యాప్‌టాప్, పరీక్ష ఫలితాలు, కోర్సుల వార్తల్లో తప్పు దొర్లితే డబ్బు పోతుంది. లింకు తెరిచే ముందు వెబ్‌సైట్ పేరు చదవండి. "డాట్ గవ్ డాట్ ఇన్" (.gov.in) లేదా "డాట్ నిక్ డాట్ ఇన్" (.nic.in) అన్నది, https:// తర్వాత వచ్చే మొదటి అడ్డగీతకు (/) సరిగ్గా ముందు ఉండాలి. మధ్యలో ఎక్కడో ఉండి, తర్వాత ఇంకేదో పేరు వస్తే అది ప్రభుత్వానిది కాదు. "పదిమందికి షేర్ చేస్తేనే ఫారం తెరుచుకుంటుంది" అంటే ఇక చూడనక్కర్లేదు, మోసమే. ఆధార్ నంబరు, ఓటీపీ అడిగే లింకును గ్రూపులో పెట్టొద్దు.

ఉచితం అన్నచోట ఏది ఉచితమో రాయండి. ఉదాహరణకు ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు వినడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టాలి. "ఐఐటీ సర్టిఫికెట్ ఉచితం" అని ఎవరైనా పెడితే సరిచేయండి. పిల్లల ర్యాంకుల సంబరంలో హాల్‌టికెట్ నంబర్లు కనిపించే ఫొటోలు పెట్టకండి.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

పంపే ముందు ఒక పరీక్ష: సైన్స్ చదవని ఇంట్లోవాళ్లకు చదివి వినిపించి, "ఏం అర్థమైంది?" అని అడగండి. వాళ్లు చెప్పింది మూలంలో ఉన్నదానికంటే పెద్దదిగా వస్తే, ఉదాహరణకు "అయితే అక్కడ మనుషులున్నారన్నమాట!" అంటే, మీ మొదటి వాక్యం మార్చాలి. తప్పు సాధారణంగా అక్కడే ఉంటుంది, చివర్లో ఎన్ని జాగ్రత్తలు రాసినా లాభం లేదు.

పంపాక లైకులు లెక్కపెట్టకండి. ప్రశ్నలు వస్తున్నాయా చూడండి. "రాత్రిపూట రాడార్ ఎలా చూస్తుంది?" అని ఒక్క పిల్లాడు అడిగినా ఆ పోస్టు పనిచేసినట్టే. జవాబు తెలియకపోతే "చూసి రేపు చెబుతాను" అనండి, తప్పకుండా చెప్పండి.

తప్పు వెళ్లిపోతే

వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల్లోపు మెసేజ్‌ని సవరించవచ్చు. రెండు రోజుల దాకా అందరికీ కనిపించకుండా తీసేయవచ్చు. కానీ ఎవరైనా అప్పటికే ముందుకు పంపి ఉంటే తీసేయడం ఒక్కటే సరిపోదు. అదే గ్రూపులో కొత్తగా రాయండి: "నిన్న నేను పెట్టిన వార్తలో దూరం తప్పు. 9 కోట్ల కిలోమీటర్లు కాదు, 15 కోట్లు. ముందుకు పంపినవాళ్లు ఇది కూడా పంపండి." ఏది తప్పో, ఏది ఒప్పో రెండూ ఉండాలి.

వేరేవాళ్లు తప్పు పెడితే అందరి ముందూ దిద్దొద్దు, ముఖ్యంగా పెద్దవాళ్లను. విడిగా మెసేజ్ పెట్టండి: "బాబాయ్, ఆ గ్రహణం మెసేజ్‌లో సంవత్సరం తప్పు పడింది. 2027లో వస్తుందట, అదీ మన దగ్గర పూర్తి చీకటి ఉండదు. ఇదిగో నాసా పేజీ. మీరే గ్రూపులో చెప్తే అందరూ వింటారు." ఆ చివరి వాక్యం తప్పకుండా రాయండి. చాలాసార్లు బాబాయే సరిచేసి పెడతాడు. ఒక రోజు దాకా పెట్టకపోతే, పేరెత్తకుండా సరైన సమాచారాన్ని మీరే మామూలు పోస్టుగా పెట్టండి.